దూరపు కొండలు, పలుచని గాలి

"దూరపు కొండలు నునుపు" అన్నది మన సామెత. బుసైతీన్‌లో కాపురముంటున్న తెలుగు కుటుంబాలకు ఆ దూరం మరీ ఎక్కువ. ముహర్రక్ ద్వీపం మీద సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఈ ఊరి నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్నది. సాయంత్రం తీరాన నిలబడితే నీటికి ఆవల మనామా నగరపు భవనాలే కొండల వలె కనిపిస్తాయి. బహ్రెయిన్ దేశమంతటికీ మిక్కిలి ఎత్తయిన జబల్ అద్దుఖాన్ 134 మీటర్లే. అది తిరుమల కొండలో ఆరవ వంతు కూడా లేదు.

అటువంటి చోట నివసించే ఒక కుటుంబం జూలై నెల ఎండ తాళలేక, బడి సెలవులలో పిల్లలకు హిమాలయాలు చూపించాలని సంకల్పించినది అనుకుందాము. తండ్రి, తల్లి, ఎనిమిదవ తరగతి చదువుతున్న కుమారుడు, అయిదేండ్ల కుమార్తె. రాజమహేంద్రవరం నుంచి ఢిల్లీకి వచ్చి వారితో కలిసే నాయనమ్మ. గమ్యం లదాఖ్‌లోని లేహ్ పట్టణం, ఎత్తు సుమారు 3,500 మీటర్లు. తండ్రికి దొరికిన సెలవు తక్కువ. అందుచేత మొదటి రోజు ఉదయం లేహ్‌లో దిగడం, రెండవ రోజు 5,359 మీటర్ల ఎత్తున ఉన్న ఖర్దుంగ్ లా కనుమ, మూడవ రోజు 4,200 మీటర్లకు పైన ఉన్న పాంగాంగ్ సరస్సు అని పథకం సిద్ధమైనది. కాగితం మీద ఇందులో లోపమేమీ కనిపించదు. కాని ఐదుగురి రక్తంలో జరుగవలసిన రసాయన మార్పులకు ఆ పథకంలో ఒక్క పూట కూడా కేటాయించలేదు. ఆ లోపం ప్రాణం మీదికి తేగలదు.

పాలు మారదు, పీడనం మారుతుంది

కొండ మీద గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గిపోతుందని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటు. బుసైతీన్ తీరాన గాలిలో ఆక్సిజన్ నూటికి సుమారు 21 వంతులు. లేహ్‌లోను 21 వంతులే. ఎవరెస్టు శిఖరం మీదను అంతే. మారేది గాలి పీడనం. మన నెత్తి మీద వాతావరణమనే గాలి సముద్రం ఉన్నది. దాని అడుగున ఉన్నవారి మీద బరువు ఎక్కువ, పైకి పోయిన కొద్దీ బరువు తక్కువ. 1648లో పాస్కల్ కోరిక మీద ఆయన బావ పెరియే ఫ్రాన్సులోని ప్యూయి ద దోమ్ అనే కొండ మీదికి పాదరసపు గొట్టాన్ని మోసుకుపోయి, పైకి ఎక్కిన కొద్దీ పాదరసం దిగిపోవడం కళ్లారా చూచి ఈ సంగతిని నిరూపించినాడు.

సముద్రమట్టం వద్ద గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. అందులో ఆక్సిజన్ వాటా సుమారు 160. లేహ్‌లో మొత్తం పీడనం దాదాపు 495 మిల్లీమీటర్లు. ఆక్సిజన్ వాటా సుమారు 104. అంటే ఒక్కొక్క ఊపిరికి లోపలికి పోయే ప్రాణవాయువు బుసైతీన్‌లో పోయే దానిలో మూడింట రెండు వంతులే. ఖర్దుంగ్ లా మీద అది సగానికి కొంచెం ఎక్కువ. డాల్టన్ పేరుతో కళాశాలలో చదువుకొని మరచిపోయిన పాక్షిక పీడనాల సూత్రం ఇక్కడ మన ఊపిరితిత్తులలో ప్రయోగానికి వస్తుంది.

ఈ సత్యానికి మరొక ముఖాన్ని ముహర్రక్ ద్వీపవాసులు శతాబ్దాల క్రితమే అనుభవంతో గ్రహించినారు. ముత్యాల కోసం మునిగే గవ్వాస్ కాలికి రాతి బరువు కట్టుకొని, ముక్కుకు పట్టకారు పెట్టుకొని సముద్రంలోకి దిగేవాడు. పడవ మీద తాడు పట్టుకొన్న సైబ్ అతనిని పైకి లాగేవాడు. నీటిలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. కనుక లోతున ఉన్నంతసేపు ఊపిరితిత్తులలోని ఆక్సిజన్ రక్తంలోకి బాగా నెట్టబడుతుంది. పైకి వచ్చే క్షణాలలో పీడనం చప్పున పడిపోయి, మిగిలిన కొద్దిపాటి ఆక్సిజన్ రక్తంలోకి పోలేక స్పృహ తప్పే ప్రమాదం ఉన్నది. గవ్వాస్‌కు నిమిషంలోపు జరిగే ఈ మార్పు కొండ ఎక్కేవారికి గంటలలో జరుగుతుంది. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ముహర్రక్ ముత్యాల బాటలో పిల్లలను నడిపించినప్పుడు ఈ మాట చెప్పవచ్చును.

హీమోగ్లోబిన్ చూపే మెట్ట, పల్లం

రక్తంలో ఆక్సిజన్‌ను మోసే పదార్థం హీమోగ్లోబిన్. దాని తీరు విచిత్రమైనది. ఊపిరితిత్తుల గాలిగదులలో ఆక్సిజన్ పీడనం 100 మిల్లీమీటర్లు ఉంటే హీమోగ్లోబిన్ నూటికి 97 వంతులు నిండుతుంది. పీడనం 60కి తగ్గినా ఇంకా 90 వంతులు నిండే ఉంటుంది. అంతవరకు అది మెట్ట నేల వలె చదునుగా సాగుతుంది. 60 దాటి దిగితే మాత్రం వాలు ఒక్కసారిగా తీవ్రమై, పీడనం 40కి చేరేసరికి 75 వంతులకు పడిపోతుంది. సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీలో, అంతే ఎత్తున ఉన్న సౌదీ అరేబియాలోని అబహాలో మనం ఇంకా మెట్ట మీదనే ఉంటాము. లేహ్‌లో దిగినవాడు సరిగా ఆ వాలు అంచున నిలబడి ఉంటాడు. వేగంగా నాలుగు మెట్లు ఎక్కినా, రాత్రి నిద్రలో ఊపిరి కొంచెం మందగించినా వాలులోకి జారుతాడు. ఫహద్ రాజు వంతెన దాటి కారులో అబహాకు పోయివచ్చిన కుటుంబాలు "మాకు కొండలు అలవాటే" అనుకోవడానికి వీలులేదన్నది ఇందువల్లనే. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలోనైతే 2,000 మీటర్ల కొండే లేదు. మన పెద్దల అనుభవంలో ఈ జబ్బు లేకపోవడానికి కారణం అదే.

ఆక్సిజన్ తగ్గిన వెంటనే శరీరం ఊపిరి వేగాన్ని పెంచుతుంది. ఇక్కడే ఒక చిక్కు వచ్చిపడుతుంది. వేగంగా ఊపిరి వదిలినప్పుడు బొగ్గుపులుసు వాయువు కూడా ఎక్కువగా బయటికి పోతుంది. అది రక్తంలో ఆమ్లగుణం ఇచ్చే వాయువు గనుక, అది పోతే రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. క్షారగుణం పెరిగితే మెదడు "ఊపిరి చాలు, తగ్గించు" అని ఆజ్ఞాపిస్తుంది. ఒకవైపు ఆక్సిజన్ లోపం ఊపిరిని తొందరపెడుతున్నది, మరొకవైపు క్షారగుణం పగ్గం వేస్తున్నది. రాత్రివేళ కొంతసేపు గబగబా ఊపిరి, కొన్ని క్షణాలు ఆగిపోయిన ఊపిరి, మరల గబగబా ఊపిరి అన్న వింత లయ ఈ పెనుగులాట ఫలితమే. నిద్రలో పక్కవారి ఊపిరి అలా ఆగడం చూచి భయపడేవారు ఎందరో.

ఈ పగ్గాన్ని సడలించేవి మూత్రపిండాలు. రక్తంలోని అదనపు బైకార్బొనేటును అవి మెల్లమెల్లగా మూత్రంలోకి పంపి సమతూకం కుదురుస్తాయి. ఆ పని ఒక పూటలో ముగియదు, కొన్ని రోజులు పడుతుంది. ఎర్రకణాల ఉత్పత్తి పెరగడానికైతే వారాలు కావాలి. ఆక్సిజన్ లోపాన్ని జీవకణం ఎలా పసిగడుతుందో కనుగొన్నందుకు కెలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి లభించినది. కణం పసిగట్టేది తక్షణమే అయినా, సర్దుబాటుకు వ్యవధి కావలసినదే.

కాకినాడకు చేరిన శాస్త్రవేత్త

ఈ విజ్ఞానానికి పునాది వేసిన కుటుంబానికి తెలుగునేలతో ఒక సంబంధం ఉన్నది. బ్రిటిషు శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్ 1911లో మరి ముగ్గురు సహచరులతో అమెరికాలోని పైక్స్ పీక్ శిఖరం మీద, సుమారు 4,300 మీటర్ల ఎత్తున, అయిదు వారాలు నివసించి తమ ఊపిరిని, రక్తాన్ని రోజూ పరీక్షించుకొన్నాడు. ఆ శిఖరానికి అప్పటికే రైలు ఉన్నది. కొద్ది గంటలలో పైకి వచ్చిన యాత్రికులు తలనొప్పితో, వాంతులతో కుప్పకూలుతుండగా, రోజుల తరబడి అక్కడే ఉన్న తమకు క్రమేణ స్వస్థత చేకూరడం వారు గమనించినారు. నేటి లేహ్ విమానం చేసే పని ఆనాటి పైక్స్ పీక్ రైలు చేసినది. ఆ బృందంలోనివారే అయిన మేబెల్ ఫిట్జ్‌జెరాల్డ్ ఒంటరిగా కొలరాడో గని పట్టణాలకు తిరిగి, అక్కడ స్థిరపడిన ప్రజల ఊపిరిని, రక్తాన్ని కొలిచినది. నూరేండ్లు నిండిన తరువాత, 1972లో గాని ఆక్స్‌ఫర్డ్ ఆమెకు గౌరవ పట్టం ఇవ్వలేదు.

ఆ హాల్డేన్ కుమారుడే జె. బి. ఎస్. హాల్డేన్. తన దేహాన్నే ప్రయోగశాలగా చేసుకొన్న మనిషి. రక్తంలో ఆమ్లగుణం పెరిగితే ఊపిరి ఏమవుతుందో తెలుసుకోవడానికి 1920లలో ఆయన అమ్మోనియం క్లోరైడు ద్రావణం తాగినాడు. మన ఊళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారు వాడే నవాసాగరం అదే. దేహంలో అమ్మోనియా భాగం యూరియాగా మారిపోగా మిగిలిన ఆమ్లం ఆయన రక్తాన్ని ఆమ్లవంతం చేసి, ఊపిరిని రొప్పుగా మార్చినది. పర్వతయాత్రికులకు వైద్యులు ఇచ్చే అసిటజోలమైడ్ అనే మాత్ర ఇదే ఫలితాన్ని సురక్షితమైన దారిలో సాధిస్తుంది. మూత్రపిండాలలోని కార్బొనిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైమును అది అడ్డగించి, బైకార్బొనేటును త్వరగా బయటికి పంపుతుంది. రోజులు పట్టే సర్దుబాటు అందువల్ల ముందుగా మొదలవుతుంది. మూత్రం ఎక్కువగా పోవడం, వేళ్లలో తిమ్మిరి కలగడం దాని సహజ ప్రభావాలు.

హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, ఇక్కడి పౌరసత్వం తీసుకొని, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించినాడు. తన దేహాన్ని వైద్యవిద్యార్థుల అధ్యయనానికి ఇవ్వవలసినదని ఆయన రాసిన కోరిక మేరకు అది కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేరినది.

సైనికులు నేర్పిన పాఠం

1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మైదానాల నుంచి మన సైనికులను హుటాహుటిన హిమాలయ శిఖరాలకు తరలించవలసి వచ్చినది. ఆ అనుభవం మీద డాక్టర్ ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికుల వివరాలు పరిశీలించి 1969లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో ప్రామాణికమైనది. బాధితులందరు వ్యాయామంతో రాటుదేలిన యువకులు. జబ్బు లక్షణాలు పైకి చేరిన 6 గంటల నుంచి 96 గంటల లోపు బయటపడినవి. కండబలం ఈ జబ్బుకు కవచం కాదని తేలిపోయినది. నేడు భారత సైన్యం 2,700 నుంచి 3,600 మీటర్ల ఎత్తున తన జవానుకు మొదట ఆరు రోజుల అలవాటు కాలం ఇచ్చి, అందులో తొలి రెండు రోజులు విశ్రాంతికే కేటాయిస్తున్నది. ఆ పైన మరి రెండు దశలు, ఒక్కొక్కటి నాలుగు రోజులు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ పదునాలుగేండ్లు నిండకుండానే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినది. ఆ బాలిక సైతం శిబిరాల మధ్య ఎక్కుతూ దిగుతూ వారాల తరబడి దేహాన్ని అలవాటు చేసుకొన్న తరువాతనే శిఖరానికి పోయినది. జవానుకు, పర్వతారోహకురాలికి అవసరమైన వ్యవధి నాయనమ్మకు, అయిదేండ్ల పాపకు అక్కరలేదనడం ఎట్లా?

యాత్రా పథకం ఎట్లా ఉండవలెను

ఢిల్లీ నుంచి లేహ్‌కు విమాన ప్రయాణం గంటకు పైచిలుకు మాత్రమే. తక్కిన ఊళ్లలో విమానం దిగుతున్నప్పుడు లోపలి పీడనం పెరుగుతుంది. 3,256 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ విమానాశ్రయంలో దిగేటప్పుడు అది తగ్గుతుంది. తలుపు తెరిచిన క్షణాన నీలాకాశం, చల్లగాలి, ఉత్సాహం. మొదటి పూట చాలామందికి ఏ బాధా తోచదు. ఆ మోసానికి లోనై బజారు తిరిగి, లేహ్ రాజప్రాసాదం మెట్లెక్కినవారికి రాత్రివేళ తలనొప్పి, వికారం, ఆకలి లేమి, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. ఎత్తయిన చోటికి చేరిన తరువాత వచ్చే తలనొప్పిని, వేరే కారణం రుజువయ్యే వరకు, ఈ జబ్బుగానే భావించవలెను. చిన్నపిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. పాప అకారణంగా పేచీ పెట్టినా, ఇష్టమైన పెరుగన్నం తోసివేసినా, ఆటలు మానినా అదే సూచన.

కనుక మన కుటుంబపు పథకం ఇట్లా మారవలెను. మొదటి రెండు రోజులు లేహ్‌లో సంపూర్ణ విశ్రాంతి. మూడవ రోజు ఊరిలోనే మెల్లని నడక. తరువాత నుబ్రా లోయ. మధ్యలో ఖర్దుంగ్ లా దాటవలసి ఉన్నా అక్కడ కొద్ది నిమిషాలకు మించి ఆగరాదు. రాత్రి పడక లేహ్ కంటె పల్లంలో ఉన్న లోయలో కనుక మేలే. పాంగాంగ్ చివరకు. 3,000 మీటర్లు దాటిన తరువాత పడుకొనే చోటు ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచరాదన్నది వైద్యులు చెప్పే కొలత. అదనపు సెలవు దొరికితే శ్రీనగర్ (సుమారు 1,600 మీటర్లు) నుంచి కార్గిల్ (సుమారు 2,700 మీటర్లు)లో రాత్రి ఆగి, రోడ్డు మీద లేహ్ చేరడం ఉత్తమం. మనాలీ దారిలో 4,200 మీటర్లకు పైన ఉన్న సర్చూలో రాత్రి గడపవలసి రావచ్చును గనుక, అలవాటు లేనివారికి అది క్షేమం కాదు.

అసిటజోలమైడ్ వాడాలా వద్దా అన్నది బయలుదేరక ముందే వైద్యుని అడుగవలెను. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి తప్పక చెప్పవలెను. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పెద్దల విషయంలోను అంతే. సికిల్ సెల్ వ్యాధిగ్రస్తులు ఇంత ఎత్తుకు పోరాదు. ఆక్సిజన్ తగ్గినప్పుడు వారి ఎర్రకణాలు కొడవలి ఆకారం దాల్చి రక్తనాళాలను మూసివేస్తాయి. ఈ లోపం బహ్రెయిన్ ప్రజలలోను, మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులలోను తరచుగా కనిపిస్తుంది. నిద్రమాత్రలు, మద్యం ఊపిరిని మరింత మందగింపజేస్తాయి కనుక వర్జ్యములు.

రెండు ప్రమాద సూచికలను ఇంటిల్లిపాది గుర్తుంచుకోవలెను. కూర్చున్నా తగ్గని ఆయాసం, దగ్గు, నురగతో కూడిన కఫం ఉంటే ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదని అర్థం. ఇది తరచు రెండవ రాత్రి నుంచి నాలుగవ రాత్రి లోపు వస్తుంది. మాట తడబడినా, మడమకు వేలు ఆనించి సరళరేఖలో నడవలేకపోయినా మెదడు వాస్తున్నదని అర్థం. రెండింటిలో ఏది కనిపించినా తెల్లవారే వరకు వేచి ఉండరాదు. వెంటనే ఆక్సిజన్, వైద్యం, వీలైనంత త్వరగా పల్లానికి దిగడం. లేహ్‌లోని సోనమ్ నుర్బూ స్మారక ఆసుపత్రి వైద్యులకు ఈ జబ్బు చిరపరిచితం. 2020 నాటి మహమ్మారి కాలంలో కొన్న ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే వెంట తీసుకుపోవచ్చును. లేహ్‌లో తొలిరోజు అది 85, 90 మధ్య చూపవచ్చును. అంకె కంటె మనిషి వాలకమే ముఖ్యం.

పిల్లలకు ఈ శాస్త్రాన్ని చూపడానికి వేరే పరికరాలు అక్కరలేదు. బుసైతీన్‌లో కొన్న మిక్చర్ పొట్లం లేహ్ చేరేసరికి బుడగ వలె ఉబ్బి ఉంటుంది. నీరు 88 డిగ్రీలకే మరుగుతుంది గనుక కందిపప్పు మామూలు గిన్నెలో ఎంతకీ ఉడకదు. కుక్కర్ మూత బిగిస్తే గాని మెత్తబడదు. "అమ్మా, నీళ్లు కాగుతున్నా పప్పు ఎందుకు ఉడకడంలేదు?" అన్న ప్రశ్నకు జవాబు తెలిసిన పిల్లవాడికి తన తలనొప్పికి కారణమూ తెలిసినట్లే.

అదే గాలిలో లదాఖీలు బరువులు మోస్తూ కొండలెక్కుతారు. వారి బంధుజాతి అయిన టిబెట్ ప్రజలలో ఈపీఏఎస్1 అనే జన్యువు రూపాంతరం రక్తం మితిమీరి చిక్కబడకుండా కాపాడుతున్నదని 2010లో పరిశోధకులు కనుగొన్నారు. అది వేల సంవత్సరాల తపఃఫలం. యాత్రికుడికి అది సంక్రమించదు. అతనికి సాధ్యమైనది కొద్ది రోజుల సర్దుబాటే. అదికూడా సముద్రతీరానికి తిరిగివచ్చిన కొద్ది వారాలలో కరిగిపోతుంది. కనుక ఈ ఏడాది లేహ్ చూచివచ్చిన కుటుంబం మరుసటి ఏడు మరల పోయినా, తొలి రెండు రోజులూ మంచం మీదనే గడపవలెను. సెలవు చీటీ రాసేటప్పుడే ఆ రెండు రోజులు కలిపి అడగడం మేలు.